ఇస్త్రీకి నోచుకోని కొండలు

ముడతలు తీసి బతికే మనిషికి ముడతల మీదే ప్రేమ పుట్టడం ప్రకృతి విరుద్ధం. అయినా పుట్టింది. దీనికి సాక్ష్యం మా వీధి మలుపులో ఉన్న ఇస్త్రీ దుకాణం.

దుకాణమంటే ఒక గది. వీధివైపు తలుపు, ఎడమవైపు పెద్ద కిటికీ, కిటికీ పక్కన పాత కంబళ్ళు పరిచిన పొడుగాటి బల్ల, బల్ల చివర బొగ్గుల ఇస్త్రీపెట్టె, దాని పక్కన నీళ్ళు చిలకరించే సత్తుగిన్నె. యజమానురాలిని వీధి యావత్తూ అక్కయ్య అంటుంది. పళ్ళన్నీ రాలిపోయిన పింఛనుదారు కూడా అక్కయ్యా అనే పిలుస్తాడు. ఆవిడ ఆ పెద్దరికాన్ని కాదనదు. "ఏం తమ్ముడూ, మళ్ళీ బొత్తాం పోగొట్టుకున్నావా?" అని ఆ తాతగారిని నిలబెట్టి అడుగుతుంది.

ఆవిడ భర్తది విదేశాంగ శాఖ. ఇళ్ళ నుంచి మూటలు తేవడం, ఇస్త్రీ చేసినవి తిరిగి అప్పజెప్పడం, ఆలస్యమైతే మాటలు పడడం ఆయన బాధ్యతలు. పెళ్ళైన కొత్తలో ఒక చొక్కా చేతి మీద పెట్టె మరిచిపోయిన నాటి నుంచి ఆయనకు బల్ల దగ్గర ప్రవేశం లేదు.

కూతురు అత్తారింటికి వెళ్తూ వదిలేసిన సామానులో బడి నాటి రంగులపెట్టె ఒకటి మిగిలింది. దాన్ని పారేయడానికి అక్కయ్యకు మనసొప్పలేదు. ఒక ముసురు మధ్యాహ్నం పనేమీ తోచక బల్ల వైపు చూసింది. దంతవైద్యుడి దుప్పటి కుప్పగా పడి ఉంది. కిటికీలోంచి బూడిదరంగు వెలుతురు పక్కగా పడుతోంది. అక్కడ దుప్పటి లేదు. ఒకదాని వెనక ఒకటిగా కొండలున్నాయి, మధ్యలో నీడపట్టు లోయలున్నాయి, పైఅంచున మంచు కూడా ఉంది. చొక్కాల మడతలో పెట్టే అట్టముక్క ఒకటి తీసుకుని, నీళ్ళగిన్నెలోనే కుంచె ముంచి, ఆవిడ ఆ కొండలన్నీ వేసేసింది. వేశాక దుప్పటిని యథావిధిగా ఇస్త్రీ చేసి, కొండలను నాలుగు మడతలు పెట్టి పంపించేసింది.

అది మొదలు. ఆసుపత్రి నర్సు తెల్లకోటులో ఆవిడకు మంచుమైదానం కనిపించింది. దిండుగలీబుల్లో ఏటిగట్లు కనిపించాయి. గోడ నిండా అట్టలయ్యాయి. బయట మబ్బు పడితే తల ఎత్తి చూసి, "ఎవరో సరిగ్గా పిండకుండానే ఆరేశారు" అనేది. వచ్చినవాళ్ళు ఆ బొమ్మలు చూసి ఇది ఏ ఊరు అక్కయ్యా అని అడిగేవారు. "మూడో ఇంటివాళ్ళ దుప్పటి" అని ఆవిడ నిజాయితీగా చెబితే, చెప్పడం ఇష్టంలేక అలా అంటోందనుకునేవారు.

తల్లికి కొండల పిచ్చి పట్టిందని విన్న కూతురు, అల్లుడితో కలిసి ఆవిడను బస్సెక్కించి నిజం కొండలకు తీసుకెళ్ళింది. బస్సులోవాళ్ళందరూ ఆహా ఓహో అన్నారు. ఈవిడ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎలా ఉన్నాయమ్మా?"

"బాగానే ఉన్నాయి. ఆ చివరిదానికే గంజి ఎక్కువైంది. మరీ నిటారుగా నిలబడిపోయింది."

అల్లుడు అత్తగారి మాటలకు నవ్వకూడదు కనుక కొండవైపు తిరిగి నవ్వుకున్నాడు.

ఇలా ఉండగా గ్రంథాలయం గోడకు చెమ్మ పట్టింది. చదువుకునే గదిలో, సరిగ్గా తలుపుకు ఎదురుగా ఒక మరక. లైబ్రరీ ఆయన దాని మీద క్యాలెండరు తగిలించాడు. మరక నెమ్మదిగా క్యాలెండరును దాటుకుని బయటికి వచ్చి, దానికి చట్రం కట్టినట్టు నిలిచింది. పాఠకులు పేపర్లు పక్కన పెట్టి ఆ మరకను చదవసాగారు. ఏనుగని ఒకరు, కాదు పడుకున్న మా అత్తగారని ఒకరు. పైనుంచి పెద్దలు తనిఖీకి వస్తున్నారని కబురు అందిన రోజునే, చొక్కాల కోసం వచ్చిన లైబ్రరీ ఆయన దుకాణం గోడ చూసి ఆగిపోయాడు.

"అక్కయ్యా, ఇవెవరు వేశారు?"

"నేనే తమ్ముడూ. ఊరికే, పని లేనప్పుడు."

"నాకొకటి వేసిపెడతావా? కాస్త పెద్దది. ఇదిగో, ఇంత."

"కొండలేనా?"

"నీ ఇష్టం. గోడ కనపడకూడదు, అంతే."

కళాకారులకు ఇంతకంటే గౌరవంగా పిలుపులు రావచ్చు. కానీ ముడతలు తీసిపెట్టమని అడిగినవాళ్ళు ఊరినిండా ఉండగా, ఒక బొమ్మ కావాలని ఆవిడను అడిగిన మొదటి మనిషి ఇతనే. ఆయన వెళ్ళాక ఆవిడ ఉత్త బల్ల మీద పెట్టె నడుపుతూ కాసేపు నిలబడింది. భర్త గమనించి, "కింద బట్ట లేదు" అని గుర్తు చేశాడు.

కొత్త బీరువా వచ్చిన ప్యాకింగు అట్టను లైబ్రరీ ఆయన పంపించాడు. అంత పెద్ద అట్టకు అంత పెద్ద కొండలు కావాలి. అక్కయ్య ఒక దుప్పటి తీసుకుని తానే నలిపింది. కొండలైతే వచ్చాయి గానీ, ఫొటోకి నవ్వమంటే నవ్విన మొహంలా ఉన్నాయి. విప్పి మళ్ళీ నలిపింది. ఈసారి ఏడవమంటే ఏడ్చినట్టున్నాయి.

"దానంతటది పడాలండీ. మనం పెడితే తెలిసిపోతుంది" అంది భర్తతో. ఆయన, తెలియకపోయినా, తల ఊపాడు. ఆయన సంసారం అంత సాఫీగా సాగడానికి ఈ తల ఊపుడే కారణం.

ఆ మర్నాడే పెద్ద టీచరమ్మగారి హాలు కర్టెను వచ్చింది. పెద్ద టీచరమ్మగారు బడి నుంచి పదవీ విరమణ చేశారు గానీ, ఆవిడ గొంతు ఇంకా సర్వీసులోనే ఉంది. మందపాటి, పాలమీగడ రంగు కర్టెను. బకెట్లో మరిచిపోయి, ఇద్దరు చెరోవైపూ పట్టుకుని పిండి, మూల పడేస్తే ఆరిందట. మూట విప్పి బల్ల మీద వదలగానే అక్కయ్య రెండు చేతులూ వెనక్కి తీసుకుంది.

"ముట్టుకోకండి" అంది.

"నేనెప్పుడు ముట్టుకున్నాను?" అన్నాడు భర్త.

ఆనాటి నుంచి బల్ల పర్వతశ్రేణి అధీనంలోకి వెళ్ళిపోయింది. ఇస్త్రీ వ్యాపారం రెండు స్టూళ్ళ మీద వేసిన పలకకు వలస పోయింది. ఎడమ నుంచి మొదలుపెట్టి, రోజూ సాయంత్రపు వెలుతురు వాలే వేళకు అక్కయ్య కొంచెం కొంచెంగా వేసేది. మధ్యలో పిల్లి ఎక్కి ఒక గుంట చేసి పడుకుంది. భర్త చీపురు ఎత్తితే ఆపింది. "ఉండనీయండి. అక్కడొక చెరువుంటే బాగుంటుందని నేనూ అనుకుంటున్నాను."

విదేశాంగ శాఖకు మాత్రం గడ్డురోజులు వచ్చాయి. టీచరమ్మగారు గేటు దగ్గరే పట్టుకునేవారు.

"ఏమయ్యా, నా కర్టెను?"

"బొగ్గులు చెమ్మగిల్లాయండీ."

తరవాత గంజి కుదరలేదన్నాడు. ఆ తరవాత, ఇంకేమీ దొరక్క, "ఆ గుడ్డ రకం అలాంటిది మేడమ్, తొందరపెడితే అలుగుతుంది" అన్నాడు.

"అలిగితే నేను వచ్చి బుజ్జగిస్తాను. ఈ సాయంత్రమే వస్తున్నాను. చుట్టాలు దిగుతున్నారు, కిటికీలు బోసిగా ఉన్నాయి. సిద్ధంగా ఉంచండి."

ఆయన ఇంటికి వచ్చేసరికి అక్కయ్య లేదు. తెల్లరంగు అయిపోయిందని బజారుకు వెళ్ళింది. రేపు పొద్దున్నే లైబ్రరీ ఆయన అట్ట కోసం వస్తాడు. భర్త బొమ్మ ముందు నిలబడి చూశాడు. ఎడమవైపు కొండలు, మధ్యలో చెరువు, కుడివైపు ఖాళీ. బ్రహ్మాండంగా ఉంది. పూర్తయినట్టే అనుకున్నాడు. భార్యకు ఇంత బొమ్మ వేసిన అలసట ఉంటుంది, ఇప్పుడు ఇంత గుడ్డ ఇస్త్రీ ఏం చేస్తుంది అనుకున్నాడు. పెళ్ళైన కొత్తలోని చొక్కా ఒకసారి గుర్తొచ్చింది. దాన్ని పక్కకు నెట్టి బొగ్గులు రాజేశాడు.

చరిత్రలో మహాకార్యాలన్నీ ఇలాగే, అడిగేవాళ్ళు ఇంట్లో లేనప్పుడే జరుగుతాయి. ఆయన నీళ్ళు చిలకరించాడు. పెట్టెను ముందు పాత గుడ్డ మీద పరీక్షించాడు. నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, అంచు నుంచి అంచుకు పర్వతశ్రేణిని నేలమట్టం చేశాడు. చెరువు కూడా పూడిపోయింది. ఎక్కడా మరక లేదు, వంకర లేదు. మడత పెట్టి, మీద చెయ్యి రాసి, చెమట తుడుచుకుంటూ భార్య కోసం గుమ్మం వైపు చూశాడు.

అక్కయ్య తెల్లరంగు సీసాతో లోపలికి వచ్చింది. బల్ల చూసింది. మడత చూసింది. ఆయన మొహంలో వెలుగు చూసింది.

"మీరే చేశారా?"

"ఎవరూ సాయం చెయ్యలేదు."

"సగం బొమ్మ మిగిలి ఉందండీ."

"ఎక్కడ?"

ఆవిడ కుడివైపు చూపించింది.

"అది ఆకాశం కాదూ?" అన్నాడాయన. మాట చివరికి వచ్చేసరికి గొంతు బాగా సన్నబడింది.

ఆవిడ స్టూలు మీద కూర్చుంది. సీసా మూత విప్పి, మళ్ళీ బిగించింది. వెలుతురు అప్పుడే వాలుతోంది. రేపు పొద్దున లైబ్రరీ ఆయనకు ఏం చెప్పాలో తెలియదు. అడిగిన మొదటి మనిషికే సగం కొండలు చేతిలో పెట్టాలి.

ఏం చెయ్యాలో తోచక ఆయన కర్టెను మీద వంగి, ఉన్న మడతనే మళ్ళీ సర్దుతున్నాడు. ఆవిడ తల ఎత్తింది. అంతసేపు వేడి పెట్టె మీద వంగినందుకు ఆయన చొక్కా వీపుకు అతుక్కుని, భుజాల మధ్య నుంచి నడుము దాకా ఒక పెద్ద గట్టు తేలింది. దానికి రెండువైపులా చిన్న గట్లు దిగుతున్నాయి. చంక దగ్గర, ఏ దుప్పటిలోనూ పడని లోతైన లోయ ఒకటి పడింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనను అంత శ్రద్ధగా ఆవిడ ఎన్నడూ చూడలేదు. ఆ చూపు తగిలి ఆయన తిరిగాడు. తిట్లకు సిద్ధంగా నిలబడ్డాడు.

"అటు తిరగండి."

"ఏదైనా అనాలంటే మొహం మీదే అను, పరవాలేదు."

"తిరిగి, ఇందాకటిలా వంగండి. కొంచెం కిటికీవైపు. ఆ, అంతే. కదలకండి."

ఆయన బల్ల అంచు పట్టుకుని వంగాడు. వెనక కుంచె నీళ్ళగిన్నెలో మునిగిన చప్పుడు వినిపించాక గాని ఆయనకు విషయం అర్థం కాలేదు. అర్థమయ్యాక మాత్రం కొండకు తగిన గాంభీర్యం ఒంట్లోకి తెచ్చుకోబోయాడు.

"బిగించకండి. ముడత పోతోంది."

గాంభీర్యం వదిలేశాడు.

పని సగంలో ఉండగా గుమ్మంలో చెప్పుల చప్పుడైంది. పెద్ద టీచరమ్మగారు వచ్చారు. ఆ అలికిడికే ఆయన భుజాలు కాస్త కుంగాయి.

"ఏమయ్యా, పెద్దవాళ్ళు వస్తే అటు తిరిగి నిలబడతావా? మెడ పట్టేసిందా?"

"లేదండీ" అంది అక్కయ్య, కుంచె ఆపకుండా. "ఆయన ప్రస్తుతం కొండ."

టీచరమ్మగారు అట్టనూ ఆయన వీపునూ మార్చి మార్చి చూశారు. ముప్పై ఏళ్ళు పిల్లల సాకులు విన్న మనిషి గనుక, ఇది సాకు కాదని పోల్చుకున్నారు. ఇక కర్టెను అందుకుని, మడత విప్పి, కళ్ళజోడు సర్దుకుని నాలుగు మూలలూ వెతికారు. తప్పు దొరకలేదు. దొరక్కపోవడం ఆవిడకు కొత్త.

"ఏమ్మా, ఇన్నేళ్ళకి నీ చెయ్యి కుదిరింది. ఇంత బాగా నువ్వెప్పుడూ చెయ్యలేదు. ఇకమీదట ఇలాగే చెయ్యి."

కొండ ఒక్కసారి నవ్వుతో కదిలింది.

"కదలకండి అన్నానా!"

"నేనేం అన్నాను!" అంది కొండ.

టీచరమ్మగారు వెళ్ళిపోయారు. వెలుతురు పూర్తిగా పోయేలోపు కుడివైపు కొండ నిలబడింది.

మర్నాడు లైబ్రరీ ఆయన అట్ట పట్టుకెళ్ళి గోడకు బిగించాడు. మరక కనపడలేదు. తనిఖీకి వచ్చిన పెద్దలు పుస్తకాల సంగతి మరిచి, ఈ కొండలు ఎక్కడివని వాదించుకుని వెళ్ళిపోయారు. అక్కయ్య భర్త ఇప్పుడు పేపరు చదివే నెపంతో రోజూ అక్కడికి వెళ్ళి, బొమ్మకు ఎదురుగా ఉన్న కుర్చీలోనే కూర్చుంటున్నాడు.

"అంతా బాగుంది గానీ," అన్నాడొకరోజు పక్క కుర్చీలోని పింఛనుదారు, "ఆ కుడివైపు కొండ ఉన్నట్టుండి ఎందుకో కుంగింది చూశారా?"

ఆయన పేపరు కిందికి దించాడు. "కుంగింది కాదండీ. సరిగ్గా అప్పుడే పెద్ద టీచరమ్మగారు లోపలికి వచ్చారు."