యార్డులో మట్టి

2007లో అశ్వారావుపేట దగ్గర ఒక పామాయిల్ ఫ్యాక్టరీలో బ్యాటరీ బండి డ్రైవర్‌గా చేరాను. చూడ్డానికొచ్చిన విజిటర్లను ఎక్కించుకుని ఫ్యాక్టరీ అంతా తిప్పడమే పని. అంతకుముందు ఖమ్మంలో ఆటో తోలినవాడిని. పొగా చప్పుడూ లేని ఆ బండి నాకు మొదట పిల్లల బొమ్మలా అనిపించింది. వానాకాలం వచ్చాక దాని సంగతి తెలిసింది. చక్రాలేమో చిన్నవి, బ్యాటరీల బరువేమో బోలెడు. బురదలో దిగబడితే కంట్రోలర్ వేడెక్కి బండి ఆగిపోయేది. కంట్రోలర్ అంటే మోటార్‌కు కరెంటు అవసరమైనంతే పంపే పెట్టె. ఈ బాధ పడలేక, ట్రాక్టర్లలో వచ్చే పామాయిల్ గెలలు దింపే యార్డుతో సహా బండి తిరిగే చోటల్లా కాంక్రీట్ పోయించారు. నా ప్రాణం హాయిగా ఉంది.

మరుసటి ఎండాకాలం ముత్తమ్మ వచ్చింది. దమ్మపేట అవతల అడవిలో ఊరు. నేను చేరకముందు ఆమె భర్త ఆ యార్డులోనే గెలలు దింపుతూ ట్రాక్టర్ మీంచి పడి చనిపోయాడు. "ఆ చోటు చూపించి జల్దీ తీసుకొచ్చెయ్ భాయ్," అన్నాడు సూపర్‌వైజర్.

ఆమె చేతిలో కొత్త గుడ్డ ముక్క ఉంది.

"ఆయన పడ్డకాడి మన్ను గింత కావాలన్నా. ఆ మన్నేసి ఊర్ల రాయి నాటాలె. గప్పుడే మా పెద్దల్ల కలుస్తడు. అందాక ఎటూ గాకుండ తిరుగుతనే ఉంటడు."

యార్డులో పాత కూలీ ఒకాయన చోటు చూపించాడు. ఆమె కూర్చుని నేలంతా అరచేత్తో తడిమింది.

"మన్నేదన్నా?"

"సిమెంట్ పోసిన్రు చెల్లె."

"ఎందుకు?"

"గీ బండి కోసం," అన్నాను.

గునపం కోసం పోతే సూపర్‌వైజర్ కసిరాడు. "రేపు విజిటర్లొస్తున్నరు, ఇయ్యాల పగలగొడ్తవా? ఏంది నీ కత?" ఏం చేయాలో తోచక పూలకుండీలోంచి గుప్పెడు మట్టి తెచ్చిచ్చాను. అలా తెచ్చినందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"ఇది ఆయన పడ్డ మన్ను గాదు గదన్నా," అంది మెల్లగా. కోప్పడినా బాగుండేది. మట్టిని తిరిగి కుండీలో పోసి, ఖాళీ గుడ్డను మడిచి నడుముకు దోపుకుంది.

ఎక్కడైనా నేల చదును చేసే ముందు, అక్కడ ఎవరిది ఏం మిగిలి ఉందో అడగాలని ఆ రోజు నేర్చుకున్నాను. తర్వాత కొత్త రోడ్లు వేసినప్పుడల్లా అడిగాను కూడా. నవ్వారు.

ముత్తమ్మ మళ్లీ రాలేదు. ఆ రాయి నాటారో లేదో నాకు తెలియదు. కొలువు మానేదాకా రోజూ ఆయన మీదుగానే బండి తోలాను.