కొత్త మైకులో రెండో గొంతు

చిట్కుల్‌లో కిరాయి గదిలో ఉంటూ, ఫ్యాక్టరీకి సెలవు దొరికినప్పుడల్లా ఫోనులో పాటలు రికార్డు చేసుకునేవాణ్ణి. పోయినేడు ముచ్చటపడి మంచి మైకు కొన్నాను. ఆ ఆదివారం మధ్యాహ్నం కిటికీకి దుప్పటి కట్టి, ఫ్యాను ఆపి, చెమటలు కక్కుతూ నాట్లప్పుడు మా అమ్మ పాడే పాట పాడాను. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటే నా గొంతు వెనక సన్నగా మరో ఆడగొంతు! నేను రాగం తప్పిన చోటల్లా అది సరిగ్గా పాడుతోంది.

గోడ అవతల మా ఓనరమ్మ గిన్నెలు తోముతోంది. వెళ్లి అడిగాను.

"నేనే పాడిన బిడ్డా. నెల సంది వింటున్న, పాడినప్పుడల్లా గదే తప్పు. ఇగ పాణం ఆగలే."

"ముందే చెప్పొచ్చు గదమ్మా?"

"కిరాయికున్నోళ్లను ఏమంటం అని ఊకున్న."

సిగ్గేసింది, నవ్వూ వచ్చింది. ఆమెను తీసుకొచ్చి మైకు ముందు కూర్చోబెట్టాను. కొండాపూర్ దిక్కు పొలాల్లో ఏళ్ల తరబడి నాట్లేసిన మనిషి. చేతులు కొంగుకు తుడుచుకుని, ఎక్కడా తడబడకుండా రెండు చరణాలు పాడింది. పాట అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టాను.

"ఆగు బిడ్డా, జెర ఊపిరి తీసుకోనియ్యి" అంది. "ఇంక ఐదు చరణాలున్నయ్."