కలేజా మెత్తగానే ఉందట

బోటు హోప్ టౌన్ జెట్టీ వదిలాక నాన్న మాట్లాడటం మానేశాడు. అప్పుడే వాన వెలిసింది. సముద్రమూ ఆకాశమూ ఒకే బూడిద రంగులో కలిసిపోయి, నీళ్ళ మీద పోతున్నామో మబ్బుల్లో పోతున్నామో తెలియడం లేదు. నాకు కళ్ళు మూతలు పడుతున్నాయి.

నాన్న లివరులో కొవ్వు పేరుకుందని స్కానులో తేలింది. కలేజా సఖ్త్ అయిందేమో, గట్టిపడిందేమో చూడాలని డాక్టరమ్మ హిందీలో చెప్పింది. సూది గుచ్చి లివరు ముక్క తీయనక్కర్లేదట. మామూలు రక్తపరీక్షలో వచ్చే అంకెలకు వయసు కూడా కలిపి లెక్కకడితే లోపల మచ్చ కట్టిందో లేదో అంచనా దొరుకుతుందట. రక్తం ఇచ్చి వచ్చాం. ఈ రోజు ఫలితం. తేడాగా ఉంటే ఓడెక్కి చెన్నై వెళ్ళాలి. నాన్న దిగులు దాని గురించే అనుకున్నాను.

"రగతంలో అది కూడా తెలిసిపోద్దేటమ్మా?" అన్నాడు ఉన్నట్టుండి.

"ఏది?"

"సఖ్త్ కలేజా అంది కదా మేడమ్. మీ అమ్మ పోయినప్పుడు నాకు ఒక్క చుక్క రాలేదు. చర్చిలో అందరూ చూసేరు."

ముందు నవ్వొచ్చింది. ఆ వెంటనే ప్రాణం ఉసూరుమంది. మా దీవుల్లో మాంసం కొట్టులో దొరికే లివరు కలేజీ. కలేజా అంటే మనిషి గుండె. ఇన్నాళ్ళూ ఈయన తనది రాతిగుండె అన్న మాటను మోసుకు తిరుగుతున్నాడన్నమాట.

"అది లివరు నాన్నా! నీ గుండెతో వాళ్ళకేం పని?" అని కసిరాను. తల ఊపాడు గానీ నమ్మలేదు. నా మాట ఎప్పుడు నమ్మాడు గనక!

ఆసుపత్రిలో డాక్టరమ్మ కాగితం చూసి నవ్వింది. "ఫికర్ మత్ కరో అంకుల్. కలేజా నరమ్ హై." ఏడాది తర్వాత మళ్ళీ చూపించుకోమంది.

"నరమ్?" నాన్న రెట్టించి అడిగాడు.

ఆమె అవునంది, మెత్తగా ఉందంది.

బయట బెంచీ మీద కూలబడి, చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. నాన్న ఏడవగా చూడడం నాకదే మొదటిసారి. ఈసారి ఏ మాటా సరిదిద్దలేదు. ఆయన వీపు మీద చెయ్యి వేశాను.

"మెత్తగానే ఉందంట," అన్నాడు వెక్కుతూ. "మీ అమ్మ మరోలా అనుకుని పోయుంటాదే."