నేను కొట్టని చప్పట్లు

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. ఇంట్లో ఎవరైనా ఆ కబుర్లు మొదలుపెడితే టీవీ సౌండు పెంచే రకాన్ని. అందుకే ఇది రాయడానికి కాస్త సిగ్గుగానే ఉంది.

మాది శ్రీకాకుళం వైపు. ఉద్యోగానికి సికింద్రాబాద్ వచ్చి, అల్వాల్ అమ్మాయిని చేసుకుని మల్కాజ్‌గిరిలో ఉంటున్నాను. చుట్టాలకు ఊరు చూపించడం నా సరదా. పాత బస్తీ మ్యూజియమా, చార్మినారా, ట్యాంక్‌బండా, ఎవరికి ఏది నచ్చుతుందో ముఖం చూసి చెప్పేస్తానని నా గొప్ప.

కిందటేడాది మా మేనత్త వచ్చింది. మామయ్య పోయిన రోజున కూడా ఆవిడ ఏడవలేదు. ఆ తర్వాత మాటలే తగ్గిపోయాయి. అదే మా అందరి బెంగ. నేను మ్యూజియం గురించి ఊరిస్తుంటే మధ్యలో ఆపేసి, "అవన్నీ తర్వాత్రా. కింద చప్పట్లు కొడితే కొండ మీద వినపడతాదట, అక్కడికి తీసుకెళ్లు" అంది.

అంటే గోల్కొండ. మామయ్య కుర్రతనంలో రైల్వే పరీక్షకు వచ్చినప్పుడు చూశాడట. "నువ్వు పైనుండు, నేను కింద కొడతాను" అని జీవితమంతా చెబుతూనే ఉన్నాడు, తీసుకురాలేకపోయాడు. ఇప్పుడు ఆయనకు బదులు నేను కొట్టాలి.

ఆయన చప్పట్లు నాకు తెలుసు. పాతకాలం మనిషి, భార్యను పేరు పెట్టి పిలిచేవాడు కాదు. వీధి అరుగు మీంచి గబగబా రెండు, కాస్త ఆగి ఒకటి కొట్టేవాడు. అత్త వంటింట్లోంచి "వస్తన్నాను" అనేది. చిన్నప్పుడు వాళ్లింట్లో రోజూ విన్నదే. మా ఆవిడ మాత్రం ఆయన్ని చూడనే లేదు.

కోట దగ్గర అత్తనీ మా ఆవిడనీ దింపి, పైకి చేరాక ఫోన్ చేస్తే కొడతానన్నాను. ఆదివారం కదా, కారు ఎక్కడో పెట్టి వచ్చేసరికి గంట దాటింది, అప్పటికి టికెట్ల దగ్గర చాంతాడంత క్యూ. అందులో ఉండగానే మా ఆవిడ ఫోన్.

"ఏందండీ, మేం చెప్పకముందే కొట్టిండ్రు? అత్తమ్మ ఒకటే ఏడుస్తుంది."

నేనింకా లోపలికే రాలేదన్నాను.

కింద ఎంతోమంది కొడుతూనే ఉంటారు, వాళ్లవే అనుకున్నాను. కానీ వాళ్లు దిగి వచ్చాక, ఎలా వినిపించాయని అడిగితే మా ఆవిడ చేతులతో కొట్టి చూపించింది. గబగబా రెండు. ఆగి, ఒకటి. అవి వినగానే అత్త లేచి నిలబడి "వస్తన్నాను" అందట. ఆ మాట విన్నాక నాకు నిజంగానే భయమేసింది.

నేను కొట్టలేదని అత్తకు చెప్పాలా వద్దా అని కాసేపు నలిగాను. చివరికి చెప్పేశాను. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"నువ్వు కాదని నాకు తెల్దేట్రా" అంది. ఆ తర్వాత ఆకలేస్తోందని తనే అడిగింది.

అత్త క్షేమంగా ఊరు చేరింది. ఫోన్ చేస్తే ఇప్పుడు నాకంటే తనే ఎక్కువ మాట్లాడుతోంది.

ఎవరో సరదాకి అలా కొట్టి ఉండొచ్చు. మామయ్య చప్పట్ల సంగతి మా ఆవిడకు ఎప్పుడో నేనే చెప్పి ఉండొచ్చు, గుర్తు లేదు. మొన్నామధ్య ఇంట్లో చెప్పకుండా వెళ్లి, కొండెక్కి చాలాసేపు కూర్చున్నాను. కింద అందరూ కొడుతున్నారు. అలా మాత్రం ఎవరూ కొట్టలేదు.