తోళ్ల కార్ఖానాలో రాళ్లు తోమిన వారం

పాతబస్తీలో నేను చేసిన మొదటి ఉద్యోగం పాచిని కాపాడటం. చదివిన సైన్సంతా అందుకే పనికొచ్చింది.

ఉప్పుగూడ స్టేషన్ అవతల ఒక తోళ్ల కార్ఖానా ఉండేది. దాని నీళ్లు కుళ్లిన గుడ్ల వాసనతో వాగులో కలిసేవి. వాగు పక్కన బర్రెలు పెట్టుకుని పాలమ్మే ఇళ్లవాళ్లు మొరపెట్టుకోగా, పెట్టుకోగా కొన్నేళ్లకు సర్కారుకు వినబడింది. విలాయత్‌లో చదివొచ్చిన మా ఇంజనీరు అక్కడ పెద్ద తొట్టి కట్టించి, నిండా కంకర రాళ్లు పోయించాడు. కార్ఖానా నీళ్లను ఒక గుంటలో నిలబెట్టి, సున్నం, వెంట్రుకలు అడుక్కి దిగాక, పైనీళ్లను ఆ రాళ్ల మీద సన్నగా చిలకరించేవాళ్లం. కొన్ని వారాలకు రాళ్లకు జిగురు పాచి పట్టింది. అందులో ఉండే కంటికి కనబడని జీవులే నీళ్లలోని విషాన్ని తినేస్తాయి. వాటిని చూసుకోవడానికి నన్ను పెట్టారు. వాసన తగ్గింది. నేను నిశ్చింతగా చెల్లెలి పెళ్లికి వారం సెలవు పెట్టాను.

తిరిగొచ్చేసరికి రాళ్లు తెల్లగా మెరుస్తున్నాయి.

కార్ఖానా మేనేజరు సంతోషంగా ఎదురొచ్చాడు. “రేపు సర్కారు పెద్దసాబ్ చూడనీకి వస్తుండు. గీ గలీజు చూస్తే నా ఇజ్జత్ ఏం గావాలె? పదిమందిని పెట్టి తోమిపిచ్చిన. ఫినాయిల్ గూడ పోయిపిచ్చిన.”

“గా గలీజే గద సాబ్ పనిచేసేది” అన్నాను.

“మురికితోని మురికి పోతదా? గిదేనా నువ్వు చదివింది?”

తప్పు నాదే. నెలల తరబడి అతని పక్కనే తిరిగినా, ఆ పాచి ఏమిటో ఒక్కసారీ చెప్పలేదు. మెట్రిక్ తప్పినవాడికి ఏం అర్థమవుతుందిలే అనుకున్నాను. నేను గట్టెక్కింది మూడోసారికి.

మర్నాడు పెద్దసాబ్ అత్తరు రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని వచ్చి, “బహుత్ సాఫ్ హై” అని మెచ్చుకున్నాడు. నీళ్లు మళ్లీ కంపు కొడుతున్న సంగతి రుమాలు తీస్తే తెలిసేది. ఆయన తీయలేదు.

ఫినాయిల్ పోయేదాకా రాళ్లను మంచినీళ్లతో కడిగించి, పట్నం మురుగును శుభ్రంచేసే చోటు నుంచి, అవే జీవులుండే బురద తెచ్చి పోయమన్నాడు ఇంజనీరు. నాలుగు పీపాలు ఎడ్లబండికెక్కించి మలక్‌పేట మీదుగా బయలుదేరాను.

“ఏంది భాయ్ ఇది?” అన్నాడు బండివాడు.

“మందు.”

“ఎవలకు?”

“నీళ్లకు.”

అతను దిగి ఎడ్ల పక్కన నడిచాడు.

ఈసారి బుద్ధొచ్చి సూక్ష్మదర్శిని కూడా పట్టుకెళ్లాను. కొన్ని వారాలకు పాచి మళ్లీ పట్టాక, ఒక చుక్క తీసి మేనేజరుకు చూపించాను. అతను చాలాసేపు కన్ను తీయలేదు.

“మస్తుగ ఉన్నయ్. వీటికి ఏం పెట్టాలె?”

“మీ నీళ్లే.”

“సెలవు అడగవా?”

“అడగవు.”

“నీకన్న నయం” అన్నాడు. ఆనాటి నుంచి చీపురు పట్టుకుని ఆ దిక్కు వెళ్లిన కూలీ బతుకు అయిపోయినట్టే.

తర్వాత పెద్దసాబ్ దగ్గర నుంచి ఉర్దూలో ఉత్తర్వు వచ్చింది. రాళ్లు అంత శుభ్రంగా ఉండాలంటే నెలకోసారి తోమించాలట. మేనేజరు అది రెండుసార్లు చదివి, మడిచి, షేర్వానీ జేబులో పెట్టుకున్నాడు.

“నాకు ఉర్దూ సరిగ్గ రాదు గద” అన్నాడు, ఇరవై ఏళ్లుగా కార్ఖానా ఉత్తరాలన్నీ ఉర్దూలోనే రాస్తున్న ఆ మనిషి.