మా మామ ఆరనియ్యని పొయ్యి

టేకులపల్లిల మేముండే కిరాయింటి పక్కన ఒకామె ముసురు పట్టినప్పుడల్లా నీళ్లు కాగబెట్టుకోను తడి కట్టెలు అంటిస్తది. ఆ పొగ మా కిటికీలకెల్లి లోపటికొస్తది. కండ్లు మండుతయ్, గొంతు పట్టేస్తది. కిటికీ ఏసుకోమంటరు ఇంట్ల. నేను వెయ్య. ఆ పచ్చి వాసన తగిలితె మా మామ ముత్తయ్య వచ్చి గడప మీద కూసున్నట్టే ఉంటది. నాకు చదువు సంతకం వరకే. గని ఆ మనిషి గురించి నాకన్న ఎక్కువ తెల్సినోళ్లు ఇప్పుడెవ్వరు బతికిలేరు. ఇల్లు నడపడం నాకు నేర్పింది ఆయనే. నన్ను ముండమోపిని చేసింది గూడ ఆయనే అని చానా ఏండ్లు అనుకున్న. ఇప్పటికి గూడ అనుకుంట.

మా ఊరు పినపాక అవతల, అడవి అంచున. ఒక దిక్కు అడవి, ఇంకో దిక్కు వాగు. గోదారి నిండిందంటె వాగు నీళ్లకు పోయే తావుండదు, ఎనక్కి తన్నుతయ్. రోడ్డు మునుగుతది, కరెంటు పోతది. నేను కాపురానికి రాకముందు ఒక వరదల మా మామ ఇల్లు కొట్టుకపోయింది. పెండ్లాన్ని, చిన్న పిల్లగాన్ని ఏసుకొని ఎరిగినోళ్ల అరుగు మీద తలదాచుకున్నడట. ఆ పిల్లగాడే తర్వాత నా మొగడు. గంజి అడిగితె ఆ ఇంటామె పోసుకుంటనే, "వానొస్తదని తెల్వదా? ఇంత దాసుకుంటె ఏం పోయింది?" అన్నదట. ఆ గంజి కొడుక్కు తాపిండు గని తను ముట్టలేదు. ఆ మాట ఒక్కటే మింగిండు. అది ఆయనకు సచ్చేదాక అరగలేదు.

నా పెండ్లయినంక, రెండువేల సంవత్సరం దాటినంక, ఊరికి దూరంగ మిట్ట మీద ఇల్లు మొదలువెట్టిండు. బాయి గూడ ఇంటి లోపటికే వచ్చేటట్టు చుట్టు గోడ తిప్పిండు. చూరు కింద తాటి దోనె కట్టి వాన నీళ్లు సిమెంటు గోళెంల పడేటట్టు చేసిండు. అటక మీద వడ్ల గుమ్మి, ఎండిన ఇప్పపువ్వు, ఎండు చేపలు. మేకలకు ఎత్తుగ మంచె. ఎవరో ఆఫీసరు ఇప్పించిన సోలార్ దీపం. ఊరోళ్లు నవ్వేటోళ్లు. "ముత్తన్నా, అన్ని లోపటనే పెట్టినవ్, ఇగ కాష్టం గూడ లోపటనే కట్టుకో" అని పడవ నడిపే సాయన్న అన్నడొకసారి. మా మామ కోపం చెయ్యలే. "పాడె మోసేటందుకు నువ్వున్నవని ఆగిన" అన్నడు. అందరం పడిపడి నవ్వినం. నేను గూడ నవ్విన.

నన్ను ఎంబడేసుకొని ఇల్లంత తిప్పేటోడు. "కోడలా, రోడ్డు పోయింది, దుకాణం మునిగింది. మనింట్ల ఏం తక్కువైతదో చెప్పు" అనేటోడు. "ఉప్పు మామా. చెమ్మకు కరిగిపోతది" అన్న. నా దిక్కు కొత్తగ చూసిండు. "అవ్. నా కొడుక్కు రాని బుద్ధి నీకొచ్చింది" అని ఉప్పు కుండ పొయ్యి పక్కకు జరిపిండు. మా అమ్మగారింట్ల నన్నెవరూ ఏదీ అడిగినోళ్లు కాదు. ఆయన అడిగిండు. ఆ ఒక్కదానికే ఆయన చెప్పిందల్ల చేసిన.

ఇప్పుడు పొయ్యి సంగతి చెప్తా. మా ఊర్ల ముసురు పెట్టిందంటె ఒక పద్ధతుండేది. పొద్దున లేస్తనే చూర్ల దిక్కు చూస్తరు. ఎవరింటి మీద పొగ లేదో ఆ ఇంటికి చిప్పల నిప్పులేసుకొని పోతరు. నిప్పు ఆరిందో, మనిషి పడ్డడో, పోయి చూసేది ఊరి ధర్మం. మా మామకు అది పడదు. "నా గడపల నిప్పు చిప్ప పట్టుకొని ఎవడు నిలవడొద్దు" అనేటోడు. పొయ్యిల ఒక మొద్దు ఎప్పటికి రగులుతుండాలె. మా ఇంటి పొగ ఎండకు లేస్తది, వానకు లేస్తది.

ఇల్లు కట్టిన కొన్నేండ్లకు, ఒక ఏడు వాన పట్టి వదల్లేదు. మిట్ట చుట్టూ నీళ్లు. మా ఇంటాయనకు చలిజ్వరం పట్టింది. మామ ఆకు పసరు తాపిండు, దాసిన గోలీలు ఏసిండు. తగ్గలేదు. మర్నాడు ఇంటాయన నా పేరు తప్పు పిలువవట్టిండు. నేను మిట్ట అంచుకు పోయి గొంతు చినిగేటట్టు అరిసిన, చీర ఊపిన. ఆ వాన హోరుల ఎవరికి ఇనపడ్తది? అవతల ఊరు మసకమసకగ అగుపడ్తనే ఉంది. సాయన్న పడవ గూడ. వాళ్లు మా దిక్కు చూసే ఉంటరు. పొగ లేస్తనే ఉందాయె.

ఇంట్లకొచ్చి చెప్పిన. "మామా, పొయ్యి ఆర్పుదాం. పొగ లేకపోతె వస్తరు."

"మనింట్ల ఏం తక్కువని?"

"దవాఖానా తక్కువ! నీ కొడుకు పోతున్నడు!"

"జ్వరమే. దిగుతది. నా ఇంట్ల పొయ్యి ఆరదు" అని పొయ్యి ముందల పీటేసుకొని కూసున్నడు. కాళ్లు పట్టుకున్న. తిట్టిన. కదల్లే. మా ఇంటాయన కండ్లు తేలేసినంక, అప్పుడు బాయి కాడికి పోయి బిందె నింపుకొచ్చి, పీట మీదున్న మనిషి నెత్తి మీదికెల్లి పొయ్యిల కుమ్మరించిన. బూడిదంత లేసింది. ఆయన తడిసి, బూడిద కొట్టుకొని అట్లనే కూసున్నడు.

తెల్లారంగనే సాయన్న, ఇంకొకాయన పడవేసుకొని వచ్చిండ్రు. చేతుల మూతబెట్టిన నిప్పు చిప్ప. "పొగ కనపడలే బిడ్డా, ఏమైంది?" అన్నరు. మంచం మీద పెట్టి జల్దీ మోసిండ్రు. దవాఖానాల డాక్టరమ్మ చెయ్యి పట్టి చూసి, "మెదడుకెక్కింది. నిన్ననే తేవాల్సింది కదమ్మా" అన్నది. చీకటి పడకముందే పాణం పోయింది.

ఆ తర్వాత మా మామ చానా ఏండ్లు బతికిండు. ఆయనకు, నా చిన్న బిడ్డకు అన్నం పెట్టింది నేనే. అత్త ఎప్పుడో పోయింది, ఇంకెవరున్నరు? ఒకపూట కంచం ముందల కూసొని, "ఆ నీళ్లు ముందుగాలనే ఎందుకు పొయ్యలే?" అన్నడు. నా ఒళ్లు మండింది.

"పోస్తె ఊకునేటోనివా?"

కంచంల అన్నం ఒక పక్కకు జరిపిండు. "లేదు. మళ్ల అంటిద్దును" అన్నడు. ఇంకొంచెం చారు పొయ్యమన్నడు. పోసిన. తిన్నడు. మేమిద్దరం ఆ మాట మళ్ల ఎత్తలే.

ఆయన్ని మాఫ్ చెయ్యలే నేను. చేస్తనని గూడ అనుకోను. గని మొన్న నాకు ఒళ్లు పెనం లెక్క కాలింది. బిడ్డ పనికి పోయింది. ఆ పక్కింటామె తలుపు కాడ నిలబడి, "అక్కా, మొఖం గట్లున్నదేంది? ఏమన్న కావాల్నా?" అని అడిగింది. గోడ పట్టుకొని నిలబడ్డ. నాలుక పిడచ కట్టింది, ఇన్ని నీళ్లియ్యమంటె పోయేది. "ఏం లేదమ్మా, మంచిగనే ఉన్న" అన్న. ఆమె పోయినంక తెలిసింది నాకు, నా నోట ఆ మాట అన్నది ఎవరో.