నేల చూస్తూ పాడిన రోజులు

నాకు నత్తి. పెదవులు కలిపి పలికే అక్షరాలంటే మరీ కష్టం. 'మ', 'ప', 'బ'లతో మొదలయ్యే మాట నోటిదాకా వస్తుంది, అక్కడ పెదవులు అతుక్కుపోతాయి. మెడ నరాలు పొంగుతాయి, కళ్లలో నీళ్లు తిరుగుతాయి, మాట మాత్రం బయటికి రాదు. ఎదుటివాళ్ల ముఖం చూడలేక నేల చూస్తూ మాట్లాడటం చిన్నప్పుడే అలవాటైంది.

పాడేటప్పుడు మాత్రం నత్తి రాదు. దాంతో ఇంకో చిక్కు వచ్చింది. మా నాన్న మెదక్ నుంచి వచ్చి నాంపల్లిలో స్థిరపడ్డాడు. ప్రెస్సులో అక్షరాలు కూర్చే పని, ఆదివారాలు చర్చిలో పెద్దరికం. నేను కీర్తనలు ఎక్కడా తడబడకుండా పాడటం విని ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు.

"పాటల రాని నత్తి మాటల ఎందుకొస్తదిరా? నీకు విశ్వాసం చాలదు," అనేవాడు.

నెలకోసారి సంఘం ముందు నన్ను నిలబెట్టి నా నాలుక కోసం ప్రార్థన చేయించేవాడు. డిగ్రీ చదువుతున్నప్పుడు కూడా అది తప్పలేదు. వాళ్లంతా కళ్లు మూసుకుని దేవుణ్ణి బతిమాలుతుంటే నేను నా చెప్పులు చూసుకుంటూ, ఈ నేల చీలితే బాగుండు అనుకునేవాణ్ణి.

చర్చిలో మైకు పాడైతే బాగుచేయడానికి ఒకతను వచ్చేవాడు. నా ఈడువాడే. ఆబిడ్స్ వెనక గల్లీలో మైక్ సెట్లు కిరాయికిచ్చే దుకాణంలో పనిచేసేవాడు. పాలమూరు పల్లె నుంచి బతకడానికి వచ్చిన కుటుంబం. ఏదో ఆర్కెస్ట్రావాళ్లు దుకాణంలో వదిలేసిపోయిన విరిగిన ఎలక్ట్రిక్ గిటారుకు తనే మెడ అతికించి, వాయించడం తనే నేర్చుకున్నాడు. నేను మాట్లాడుతుంటే వాడు చేతిలో పని చేసుకుంటూనే ఉండేవాడు. నావైపు చూడకపోవడంతో నాకు ప్రాణం హాయిగా ఉండేది. అలా స్నేహితులమయ్యాం.

తొంభైల చివర్లో ఒక ఆదివారం, ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల మధ్య ఒక క్యాసెట్ దొరికింది. పైన ఎవరో పెన్సిలుతో ఇంగ్లీషులో రాసిన పేరు సగం చెరిగిపోయింది. దుకాణానికి తీసుకెళ్లి పెట్టాం. పది గిటార్లు ఒకేసారి వాన కురిసినట్టు ఒకటే హోరు. ఆ హోరు అడుగున ఎక్కడో ఒక గొంతు.

"హెడ్డు ఖరాబైంది," అని వాడు టేపు ఆపేసి, దూదికి స్పిరిట్ అద్ది, టేపును చదివే ఆ హెడ్డు తుడిచాడు. మళ్లీ పెట్టాడు. అదే హోరు. మూడోసారి తుడవబోతూ ఆగాడు.

"ఇది గిట్లనే ఉన్నదిరా," అన్నాడు మెల్లగా. "కావాలనే గిట్ల జేసిన్రు."

క్యాసెట్ ఆ పక్క అయిపోయేదాకా విన్నాం. ఆ గొంతు ఏ మాట పలుకుతోందో తెలియలేదు. తెలియాల్సిన అవసరం కూడా అక్కడ లేదు. నా జీవితంలో మొదటిసారి, మాట అర్థం కాకపోయినా ఎవరూ విసుక్కోని చోటు ఒకటి ఉందని నాకు అనిపించింది.

తర్వాత అదే ఫుట్‌పాత్ మీద దొరికిన ఒక పాత విదేశీ పత్రికలో దాని సంగతి చదివాం. ఆ సంగీతాన్ని షూగేజ్ అంటారట. గిటారు శబ్దాన్ని మార్చే పెట్టెలు కాళ్ల దగ్గర నేలమీద ఉంటాయి, వాటిని తొక్కుతూ వాయించేవాళ్లు జనాన్ని చూడకుండా తలవంచుకుని తమ బూట్లవైపే చూస్తూ ఉంటారు. అందుకే ఎవరో వెక్కిరింపుగా ఆ పేరు పెట్టారట. ఆ పేజీలో ఫోటో ఉంది. నలుగురు మనుషులు, నలుగురూ నేల చూస్తున్నారు. ఆ కాగితం చింపి నా పుస్తకంలో పెట్టుకున్నాను.

వాడు కోఠిలో ఎలక్ట్రానిక్ సామాన్లు అమ్మే గల్లీల్లో తిరిగి విడిభాగాలు ఏరుకొచ్చాడు. స్టీలు టిఫిన్ డబ్బాలో బిగించి అలా కాలితో తొక్కే పెడల్ ఒకటి తయారుచేశాడు. రెండు నెలల్లో అలాంటివి మూడయ్యాయి. చర్చి వెనక చిన్న హాలు ఉండేది. వారంలో రెండు మధ్యాహ్నాలు అక్కడ సాధన చేసుకోవడానికి నాన్న ఒప్పుకున్నాడు, కీర్తనలే అనుకుని. కిటికీలకు దుప్పట్లు కట్టేవాళ్లం. వాడు గిటారు, నేను పాట. మాటలు నేనే రాసుకున్నాను, అన్నీ 'మ'తో, 'బ'తో మొదలయ్యేవే. ఎవరికీ వినబడని మాటలు ఎంత ధైర్యంగా పాడేవాణ్ణో.

బయట వరండాలో ఒక ముసలి వాచ్‌మన్ కూర్చునేవాడు. అతని తల పైనే కరెంటు బోర్డు. నేను తాతా అని పిలిచేవాణ్ణి. నా మాట పూర్తయ్యేదాకా ఆగేవాడు, మధ్యలో అందించడు, ముఖం తిప్పుకోడు. మా ఇంట్లో కూడా అంత ఓపిక ఎవరికీ లేదు.

నాలుగు పాటలు కుదిరాయి. దుకాణం నుంచి మిక్సరు, టేప్ డెక్కు తెచ్చి రికార్డు చేయడం మొదలుపెట్టాం. కానీ ఎంత జాగ్రత్తపడినా కింద గుయ్యిమని ఒక రొద పడేది. అది తీసేయమని నేనే వాణ్ణి సతాయించాను. వాడు చివరికి యాంప్లిఫైయర్ ఎర్త్ వైరు ఊడదీశాడు. రొద పోయింది.

"జర పైలంగ ఉండాలె," అన్నాడు. "ఎవరికన్న షాక్ గొడితే ముట్టొద్దు. మెయిన్ బంద్ జెయ్యాలె. యాదుంచుకో."

మూడో రోజు మధ్యాహ్నం. ఎండ బాగా ఉంది. వాడి ఒళ్లంతా చెమట. ఎడమ చేత్తో గిటారు మెడ పట్టుకుని, మైకు స్టాండు నాకు ఎత్తుగా ఉందని దించబోయాడు. కుడిచెయ్యి స్టాండు మీద పడగానే వాడు బిగుసుకుపోయాడు. గిటారు పెద్దగా అరిచింది. వాడి నోరు తెరుచుకుంది, అందులోంచి ఏమీ రాలేదు.

ముట్టొద్దని గుర్తుంది. కిటికీ దగ్గరికి ఉరికి దుప్పటి లాగాను. ఎదురుగానే తాత, అతని తల పైనే స్విచ్చు. చెయ్యెత్తితే అందుతుంది. 'మెయిన్' అంటే చాలు.

పెదవులు అతుక్కుపోయాయి.

తాత నావైపు చూశాడు. ఎప్పటిలాగే చూశాడు. తొందరేం లేదు, చెప్పు బిడ్డా అన్నట్టు, మర్యాదగా, నా మాట కోసం ఆగాడు. లోపల గిటారు హోరు మేము రోజూ చేసే హోరులాగే ఉంది. అతనికి తేడా ఎలా తెలుస్తుంది? నేను కిటికీ ఊచలు పట్టుకుని ఆ ఒక్క అక్షరంతో పెనుగులాడుతున్నాను. చేత్తో చూపించొచ్చు. చూపించలేదు. గుమ్మం లోంచి పరిగెత్తి నేనే ఆపొచ్చు. అది తట్టలేదు. చిన్నప్పటి నుంచి అందరూ నన్ను మాట పూర్తిచెయ్యమనే చెప్పారు, నేను మాట పూర్తిచెయ్యడానికే ప్రయత్నిస్తున్నాను.

చివరికి ఎప్పుడో కాళ్లు కదిలాయి. బయటికి పరిగెత్తి, తాతను పక్కకు నెట్టి స్విచ్చు దించాను. లోపల ధబ్బుమని శబ్దం వినిపించింది.

ఊపిరి ఉంది. తాత, నేను కలిసి ఆటోలో అఫ్జల్‌గంజ్ పెద్ద దవాఖానకు తీసుకెళ్లాం. ఆటోలో తాత ఒకటే మాట అంటున్నాడు. "నాకు సైగ జేస్తే అయిపోవు గద బిడ్డా. సైగ జేస్తే అయిపోవు." తిట్టడం లేదు. తనకు తనే చెప్పుకుంటున్నట్టు అంటున్నాడు.

తీగలు కోసుకుపోయినట్టు వాడి ఎడమ చేతి వేళ్లు మాడిపోయాయి. నాలుగో రోజున ఉంగరం వేలు, చిటికెన వేలు తీసేశారు. పక్క మంచం రోగిని చూడటానికి వచ్చిన ఒక డాక్టరమ్మ వాడి కట్టు చూసి, నేనెవరో తెలియక నాతోనే అంది.

"కరెంటు చాలాసేపు పట్టి ఉంచింది. ఇంకొంచెం ముందు ఆపుంటే వేళ్లు దక్కేవి."

ఊరి నుంచి వాళ్లమ్మ వచ్చింది. కట్టు కట్టిన చెయ్యి చూసి, ఏడవకుండా నా పక్కన కూలబడింది.

"ఎట్లయింది బిడ్డా? నువ్వు గాడనే ఉంటివంట గద."

నేను నోరు తెరిచాను. ఏ అక్షరమూ రాలేదు. ఆ రోజు 'మ', 'ప' అనే తేడా లేదు, అన్నీ ఆగిపోయాయి. మంచం మీద నుంచి వాడే అన్నాడు.

"ఆన్నేం అడగకే అమ్మా. ఆడే బంద్ జేసిండు. ఆడు లేకుంటే నేను లేను."

ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకు అద్దుకుంది. దానికన్నా నన్ను చెప్పుతో కొట్టి ఉంటే బతికిపోయేవాణ్ణి.

ఆ తర్వాత ఐదారు నెలలు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. అన్నం కావాలంటే కంచం ముందు కూర్చునేవాణ్ణి. చర్చిలో పాడటం మానేశాను. నాన్న ఒకసారి కూడా అరవలేదు. సంఘం ముందు నన్ను నిలబెట్టడం కూడా ఆపేశాడు. ఒక మధ్యాహ్నం నా గది గుమ్మంలో నిలబడి, "ఆ పొద్దు వాని జాగల నేనున్నా నీకు మాట రాకపోవునా?" అని అడిగాడు. రాదన్నట్టు తలూపాను. ఆయన తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయాడు.

చెయ్యి మానాక వాడే వచ్చి నన్ను లాక్కెళ్లాడు. మూడు పాటలు రికార్డు చెయ్యకుండా మిగిలిపోయాయి. గిటారును బల్ల మీద పడుకోబెట్టి, తీగలు వేరే రకంగా శ్రుతి చేసి, మిగిలిన వేళ్లతో ఇనుప కడ్డీ జరుపుతూ వాయించాడు. ఆ సంగీతంలో వేగం అక్కర్లేదు కదా, హోరు ఉంటే చాలు అనేవాడు. నేల మీది పెడళ్ల నుంచి కళ్లు తిప్పకుండా గంటలకొద్దీ ప్రయత్నించాడు. నేను కూడా పాడాను. గొంతు పలికింది కానీ, ఆ పలకడమే నాకు అసహ్యమేసింది. కావలసినప్పుడు రాని గొంతు ఇప్పుడు ఎంత చక్కగా వస్తోందో అనిపించి, పాట మధ్యలో బయటికి వెళ్లి కక్కుకున్నాను.

నెల రోజుల తర్వాత వాడు కడ్డీ పక్కన పెట్టి, "ఇగ చాలురా. వస్తలేదు," అన్నాడు. పెడళ్లు విప్పి విడిభాగాలు దుకాణం డబ్బాల్లో సర్దేశాడు. నేను చూస్తూ కూర్చున్నాను.

నాకు బషీర్‌బాగ్‌లో ఒక ఆఫీసులో టైపు ఉద్యోగం వచ్చింది, నోటితో పనిలేనిది. వాడు మోటార్లకు తీగ చుట్టే పని నేర్చుకుని సంగారెడ్డి వైపు వెళ్లిపోయాడు. రెండువేల సంవత్సరం తర్వాత సెల్‌ఫోన్లు వచ్చాయి కానీ నేను వాడి నంబరు అడగలేదు.

కొన్నేళ్లకు ఒక సాయంత్రం నాంపల్లి స్టేషన్ ఎదుట ఎదురయ్యాడు. కొంచెం లావెక్కాడు. పెళ్లయింది, కూతురు బడికి పోతోందట. చాయ్ తాగుతుంటే ఏ ముందుమాటా లేకుండా అన్నాడు.

"ఆ దినం నేను తెలివి తప్పలేరా. అంతా కండ్లబడ్డది. కిటికీల కెల్లి ఎండ వడి నీ చెంప కనవడ్తుండె. నీ పెదవులు దగ్గరికొచ్చి ఆగినయి. నువ్వేం అనబోతున్నవో నాకు ఎరుకే. అనురా, అనురా అని నేను లోపల మొత్తుకుంటున్న."

నేను చాయ్ గ్లాసు కింద పెట్టాను.

"కోపముండె," అన్నాడు. "చాన ఏండ్లు ఉండె. మా అమ్మ ముంగట అబద్ధమాడిన గాని, లోపల నిన్ను మస్తు తిట్టుకున్న. నీకు చెప్పాలె అనుకున్న. చెప్పిన."

"ఇప్పుడు?" అని అడిగాను. 'ఇ'తో మొదలయ్యే మాట కాబట్టి వెంటనే వచ్చింది.

వాడు ఆలోచించాడు. "ఇప్పుడు ఏం తెలుస్తలేదు," అన్నాడు. "చలికాలంల ఆ లేని వేళ్లు నొస్తయి. గప్పుడు కొద్దిగ కోపమొస్తది."

చాయ్ గ్లాసులు ఇచ్చేసి బస్టాపుదాకా నడిచాం. ఒకసారి ఇంటికి రమ్మన్నాడు, బిడ్డను చూసినట్టుంటది అన్నాడు. వస్తానన్నాను. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది వాడికి. బస్సు కదిలేటప్పుడు కుడిచెయ్యి ఊపాడు.

ఇది జరిగి చాలా ఏళ్లయింది. ఇంకా వెళ్లలేదు.